తీగల వైపు నుంచి

ముందుగా నా తప్పులు మన్నించండి. ల, ళ ల తేడా నా చెవికి తెలుసు, చేతికి ఇంకా తెలియదు. శ, ష, స ముగ్గురూ ఒకే ఇంటి తోబుట్టువుల్లా కనిపిస్తారు, ఎవరిని పిలిస్తే ఎవరు పలుకుతారో చెప్పలేను. దీర్ఘం ఉండాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట లాగుతాను. మా వదిన ఈ కాగితాలన్నీ ఎర్ర పెన్నుతో దిద్దింది. నేను మళ్లీ శుభ్రంగా ఎత్తి రాశాను. అక్షరాలు ఆవిడ దిద్దినవి, మాటలు మాత్రం నావే. వాటి జోలికి రావద్దని ముందే చెప్పాను.

నెమ్మదిగా రాస్తాను, అంతకన్నా నెమ్మదిగా చదువుతాను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, కింద ఒత్తు ఉందేమో చూసుకుని గానీ ముందుకు పోను. దానికి కూడా మన్నించమని అడుగుదామనుకున్నాను. రాస్తూ ఉంటే మనసు మారింది. నెమ్మదిగా చదివినందుకు నేనెవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. గబగబా చదివినవాళ్లే నాకు చెప్పాలి. ఎందుకో రాస్తాను.

మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. బస్సులు మలుపు తిరిగే చోట ఒక మేడ మెట్ల కింద ఉండేది మా కొట్టు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే మూడో మనిషి వీధిలో నిలబడాల్సిందే. నలభై దాటాక ఆయన కళ్లలో పొర వచ్చింది. అప్పటి నుంచి సన్నపని నాది. వెంట్రుక లాంటి స్ప్రింగును పట్టుకారుతో ఎత్తి, ఇరుసు మీద కూర్చోబెట్టేదాన్ని. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విని, ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. "నేను చెవి, నువ్వు చెయ్యి, ఇద్దరికీ కలిపి ఒక్క నోరు, అది కూడా నీదే" అని వచ్చినవాళ్లతో అనేవాడు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గడియారం మీది పన్నెండు అంకెలు మాత్రం వచ్చు. అందుకని లోకంలో ఏ వస్తువైనా నాకు గడియారం లెక్కనే ఉండేది. చిన్న పట్టుకారు బల్ల మీద నాలుగు గంటల దగ్గర. నూనె సీసా పదకొండు దగ్గర. మా ఆయనకూ అది అలవాటైపోయింది. ఆయన నాకు మొదటి రోజే నేర్పిన సంగతి ఒకటుంది. గడియారం ముందు నుంచి చూసేవాడికి మూడు అంకె కుడివైపు ఉంటుంది. వెనక మూత తీసి పనిచేసేవాడికి అదే మూడు ఎడమవైపుకు వస్తుంది. "ఎటు నుంచి చూస్తున్నావో ముందు చెప్పు, తర్వాత ఎక్కడ చెడిందో చెప్పు" అనేవాడు. నేను చెప్పకుండా మొదలుపెడితే వినేవాడే కాదు.

ఆ కొట్టుకు ఒక సైన్సు ల్యాబ్ నుంచి ఒకావిడ వచ్చేది, పట్టుకారుల మొనలు సరిచేయించుకోవడానికి. అందరూ ఆవిడను మేడమ్ అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. నేను స్ప్రింగు ఎత్తుతుంటే వీధిలో నిలబడి చాలాసేపు చూసింది ఒకసారి. మా ఆయన పోయి, కొట్టు మూసేశాక, ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది.

"గడియారం కన్నా చిన్న పని ఉంది మా దగ్గర. వస్తారా?"

"నాకు చదువు రాదు మేడమ్."

"పుస్తకాలు చదివే వేళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి. వణకని వేళ్లే లేవు" అంది.

అలా వెళ్లాను.

ఆ పని ఏమిటో మేడమ్ నాకు చెప్పినట్టే చెబుతాను. ఒక పెద్ద యంత్రంలో అణువులను, వాటి చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లు చాలావరకు ఊడగొట్టి, చెప్పలేనంత వేగంతో పరిగెత్తిస్తారు. వాటిని తీసుకెళ్లి పల్చటి గ్యాసుకు గుద్దిస్తారు. గుద్దుకున్నప్పుడు అవి ఎదుటివాటి దగ్గర ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. అలా లాక్కున్నప్పుడు ఎక్స్‌రే ఒకటి బయటికి వస్తుంది. దాని బలం ఎంతో సరిగ్గా కొలిస్తే, అణువు తన ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో తెలుస్తుంది. కొలిచేది ఎలాగంటే, వేడితో. ఒక్క ఎక్స్‌రే వచ్చి తగరం ముక్కకు తగిలితే ఆ ముక్క రవ్వంత వేడెక్కుతుంది. ఆ రవ్వంతను పట్టుకోవాలి.

"దాన్ని పట్టుకోవాలంటే మిగతాదంతా ఎంత చల్లగా ఉండాలో తెలుసా? చుక్కల మధ్య ఉండే చలి కన్నా వంద రెట్లు" అంది మేడమ్.

తగరం ముక్క కింద ఒక పల్చటి లోహపు పొర ఉంటుంది. అంత చలిలో ఆ పొర కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుంది. కొంచెం వేడి తగిలితే అడ్డుపడుతుంది. దాన్ని సరిగ్గా ఆ అంచు మీద నిలబెడతారు, పొంగబోయే పాలను మంట తగ్గించి గిన్నె అంచున ఆపినట్టు. ఎక్స్‌రే తగలగానే పొంగుతుంది. ఎంత పొంగిందో తీగల్లో తెలుస్తుంది.

అలాంటివి ఒక చిప్ మీద ఎనిమిదికి ఎనిమిది, అరవై నాలుగు గళ్లు. ఒక్కో గడి మీద నువ్వుగింజంత తగరం ముక్కను అతికించడం నా పని. జిగురు చుక్క కంటికి కనపడదు, మైక్రోస్కోపులోనే. చుక్క ఎక్కువైతే పక్కకు కారి వేడిని దొంగిలిస్తుంది. తక్కువైతే చలికి ముక్క ఊడిపోతుంది. లోహపు పట్టుకారు తగిలితే తగరం సొట్టపోతుంది. అందుకని నా కనురెప్ప వెంట్రుక ఒకటి ఊడినది దాచి, సన్నని పుల్ల చివర అతికించుకున్నాను. దానితో ముక్కను నెట్టేదాన్ని. ఆరేళ్లలో పదకొండు చిప్‌లు చేశాను. ఏడు వందల పైచిలుకు ముక్కలు. మేడమ్ మైక్రోస్కోపులో చూసి "బంగారం మీ చెయ్యి" అనేది. నేను నమ్మాను.

పెద్ద యంత్రం మాకు ఏడాదికి ఆరు రోజులే ఇచ్చేవాళ్లు. చిప్‌ను చలిపెట్టెలో బిగించడం ఒక ఇంజనీరు పని. ల్యాబ్‌లో ఆయన్ని బిగింపు సారు అనేవాళ్లు, ఆయన లేనప్పుడు. ఏ స్క్రూ చూసినా "ఇంకో పావు తిప్పు" అనడం ఆయన అలవాటు. కుర్చీ కాలైనా సరే, తలుపు గడియైనా సరే.

ఆరో ఏడాది చిప్‌ను ముందు ఒకసారి చల్లబరిచి చూసినప్పుడు నాలుగు ముక్కలు ఊడాయి. మళ్లీ అతికించాను. తర్వాత బిగింపు సారు దాన్ని పెట్టెలో కూర్చోబెట్టి, ముందువైపు, ఎక్స్‌రే లోపలికి వచ్చే కిటికీ మూత పెట్టి బిగించాడు. ఆరు రోజుల పరుగు మొదలైంది. ఐదో రోజున అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. నాలుగు గళ్లలో లెక్కలు తక్కువ చూపిస్తున్నాయని, కంప్యూటర్లో ప్రతి గీతకూ పక్కన ఒక పిల్ల గీత వస్తోందని చెప్పుకున్నారు. వేడి ఎక్కడికో కారిపోతోంది.

బిగింపు సారు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, మొన్న ఊడినవి మళ్లీ అతికించావు కదా. ఎటువైపువి?"

"మూడు గంటల వైపువి సారూ."

"ఎన్ని?"

"నాలుగు."

"సరిపోయింది" అని వెళ్లిపోయాడు.

ఏం సరిపోయిందో నాకు అర్థం కాలేదు. పని బాగా గుర్తు పెట్టుకున్నానని మెచ్చుకున్నాడేమో అనుకున్నాను.

తర్వాతి వారం ఒక పెద్ద రిజిస్టరు, సిరా డబ్బా తెచ్చాడు. "ఇక్కడ వేలు వెయ్యి."

"ఏముంది సారూ ఇందులో?"

"ఏముంటుంది. జరిగింది జరిగినట్టు రాశాం. అందరూ పెడుతున్నారు."

మేడమ్ సంతకం అప్పటికే ఉంది. ఆవిడ సంతకం చుట్టచుట్టుకున్న స్ప్రింగులా ఉంటుంది, అది నాకు తెలుసు. ఆవిడ పెట్టాక నేను వెనకాడటం ఏమిటని వేశాను. నా బొటనవేలు ఆ రోజు నాకు చేసిన ద్రోహం ఇంకెవరూ చేయలేదు.

సోమవారం వెళ్లేసరికి నా బల్ల మీద జిగురు పెట్టే యంత్రం ఒకటి ఉంది. నన్ను సీసాలు కడిగే గదికి పంపారు. ఎందుకో చెప్పలేదు. కొత్త యంత్రం వచ్చింది కాబట్టి అనుకున్నాను. నా రెప్ప వెంట్రుక పుల్ల బల్ల సొరుగులోనే ఉండిపోయింది. తెచ్చుకుంటానంటే, "ల్యాబ్ సామాను బయటికి పోకూడదు" అన్నారు. నా రెప్ప, ల్యాబ్ సామాను.

ఎనిమిది నెలల తర్వాత రికార్డుల గదిలో పనిచేసే గుమాస్తా సీసాల గదికి మంచినీళ్లకు వచ్చాడు. నన్ను అక్కా అని పిలిచే మంచి మనిషి. జాలిగానే అన్నాడు.

"పోనీలే అక్కా. నాలుగు గళ్ల మీద జిగురు కారబోస్తే ఏమైంది. చెయ్యి అన్నాక జారుతుంది."

"ఎవరు కారబోశారు?"

"నువ్వే కదా."

"ఎవరు చెప్పారు?"

"చెప్పడమేంటి, రిజిస్టర్లో ఉంది. కింద నీ వేలిముద్ర కూడా ఉంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తడిచేతులతోనే మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ కంప్యూటర్ చూస్తోంది.

"మేడమ్, నేను జిగురు కారబోయలేదు. కావాలంటే చిప్ తీసి చూడండి."

ఆవిడ తల ఎత్తలేదు. "రాసి ఉంది కదమ్మా. పోనీలెండి, వయసు. ఎవరికైనా అంతే."

అంతే. ఏడు వందల ముక్కలు ఒకవైపు, రాసి ఉన్నది ఒకవైపు. నా నోటి మాటకు ఆ గదిలో చిల్లర విలువ కూడా లేదు. ఆవిడ తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. జాలిపడింది.

ఆ సాయంత్రం మా వదిన ముందు పలక పెట్టాను. వదిన అంటే మా ఆయనకు అక్క. నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆయన పోయాక నేను ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను.

"ఏమిటే ఇది?"

"అక్షరాలు నేర్పు."

"యాభై ఎనిమిదేళ్లకా? నలభై ఏళ్లు పిల్లల ముక్కులు తుడిచి ఇప్పుడే కదే కాళ్లు చాపుకున్నాను."

"నా ముక్కు నేనే తుడుచుకుంటాను. నాకు పెద్ద చదువక్కర్లేదు వదినా. ఒక్క పేజీ చదవగలిగితే చాలు."

"ఒక్క పేజీ కోసం అక్షరాలన్నీ నేర్చుకోవాలే పిచ్చిదానా. సగం అక్షరాలతో సగం పేజీ రాదు."

"అయితే అన్నీ నేర్పు."

"తమ్ముడు ఉన్నప్పుడు నేర్పుతాను రమ్మంటే, కొట్టుకు టైమవుతోందని పారిపోయేదానివి."

"అప్పుడు నా మాట అందరూ నమ్మేవాళ్లు" అన్నాను.

వదిన పలక తన ఒళ్లోకి లాక్కుని అ రాసింది.

పద్నాలుగు నెలలు పట్టింది. గుణింతాల దాకా బాగానే నడిచాను. ఒత్తుల దగ్గర కూలబడ్డాను. అక్షరం కింద అక్షరం వేలాడుతుంది, ఒక్కోటి ఒక్కో వంపు. "గోడ గడియారానికి లోలకం ఉంటుంది చూడు, అలా అనుకో. కింద వేలాడేదే అసలు ఆడించేది" అంది వదిన. నాకు అప్పుడు పట్టుబడింది. తప్పు చదివితే మొట్టికాయ వేసేది. "వదినా, నాకు అరవై దగ్గరపడుతున్నాయి" అంటే, "అందుకే మెల్లిగా వేశాను" అనేది.

బస్సుల మీద పేర్లు చదవడం వచ్చిన నెలకు, మధ్యాహ్నం భోజనం వేళ రికార్డుల గదికి వెళ్లాను.

"నా వేలిముద్ర ఉన్న పేజీ ఒకసారి చూపిస్తారా?"

గుమాస్తా నవ్వాడు. "అందులో నువ్వు చూడ్డానికి బొమ్మలేం లేవక్కా."

"ఒక బొమ్మ ఉంది. నా వేలుది."

తీసి ఇచ్చాడు. కిటికీ పక్క బల్ల చూపించాడు. నేను కూర్చుని వేలు పెట్టాను.

అక్షరాల కన్నా ముందు నా కన్ను బొమ్మ మీద పడింది. నిజంగానే ఒక బొమ్మ ఉంది. అరవై నాలుగు గళ్లు, అందులో నాలుగు నల్లగా నింపారు. నాలుగూ మూడు గంటల వైపు అంచున. అవి సరిగ్గా నేను మళ్లీ అతికించిన చోటే. ఇన్ని నెలలు ఇంత పట్టుదలగా తిరిగి, చివరికి తప్పు నాదేనా అనిపించింది. రిజిస్టరు మూసేసి వెళ్లిపోదామనుకున్నాను. పద్నాలుగు నెలల మొట్టికాయలు గుర్తొచ్చి ఆగాను.

మొదటి రోజు ఒక్క వరుస చదివాను. ఆ వరుసలో ఒక మాట దగ్గర భోజనం వేళంతా అయిపోయింది. ని. ర కింద ఏదో. ల. క కింద ష, దాని కింద మళ్లీ య. విడదీసి, కూడదీసి, నోట్లో తిప్పి తిప్పి చూస్తే అప్పుడు వచ్చింది. నిర్లక్ష్యం. సహాయకురాలి నిర్లక్ష్యం. ఆ మాట రాయడానికి ఆయనకు రెండు సెకన్లు పట్టి ఉంటుంది. చదవడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది.

రెండో రోజు ఇంకో రెండు వరుసలు. "మూడు గంటల వైపు గళ్లను తానే మళ్లీ అతికించినట్టు ఆమె ఒప్పుకుంది." ఒప్పుకుంది. అడిగితే చెప్పానండీ. దొంగ ఒప్పుకుంటాడు, పనిమంతురాలు చెబుతుంది. చెప్పింది అనడానికీ ఒప్పుకుంది అనడానికీ తేడా తెలియక రాశాడా, తెలిసే రాశాడా? ఆ రోజు సీసాలు ఎలా కడిగానో గుర్తులేదు. రెండు పగిలాయి. వాటికి మాత్రం నేనే ఒప్పుకున్నాను.

మూడో రోజు తేదీలు, సంతకాలు. నాలుగో రోజుకు చదవాల్సినవి అయిపోయాయి, బొమ్మ కింద చీమల బారులా ఉన్న చిన్న అక్షరాలు తప్ప. గుమాస్తా అన్నాడు, "అవి ఎవరూ చదవరక్కా. బొమ్మ కింద ఏదో ఒకటి రాయాలని రాస్తారు."

"నాకు ఏది చదవాలో ఏది చదవక్కర్లేదో తెలిసేంత చదువు రాలేదు" అన్నాను. వేలు పెట్టాను.

"గళ్ల అమరిక. తీగల వైపు నుంచి చూసినప్పుడు."

ఇంకోసారి చదివాను. లేచి నిలబడి చదివాను.

తగరం ముక్కలు చిప్‌కు ముందువైపు ఉంటాయి. నేను చూసేది అటు నుంచి. తీగలు వెనకవైపు. కంప్యూటర్ బొమ్మ గీసింది వెనక నుంచి. వెనక మూత తీసినవాడికి కుడివైపు కనిపించేది నాకు ఎడమవైపు ఉంటుంది. బొమ్మలో మూడు దగ్గర నల్లగా ఉన్నవి నా లెక్కన తొమ్మిది దగ్గరివి. నేను మళ్లీ అతికించినవి అవి కావు. చిప్‌కు ఆ చివర నావి, ఈ చివర చెడినవి. ఇంత పెద్ద చదువులు చదివినవాళ్లు, ఎటు నుంచి చూస్తున్నారో ముందు చెప్పుకోలేదు. మెట్ల కింద కొట్టులో నాకు మొదటి రోజు నేర్పిన పాఠం అది.

కూర్చుని పేజీ తిప్పాను. తర్వాతి ఏడాది పరుగు గురించి రాసి ఉంది. అప్పటికి నేను సీసాల గదిలో ఉన్నాను, చిప్ చేసింది జిగురు యంత్రం. అక్కడా బొమ్మ ఉంది. అవే నాలుగు గళ్లు నల్లగా ఉన్నాయి. కారణం దగ్గర ఇలా రాశారు: "తెలియరాలేదు."

నా చేతులు పెట్టినప్పుడు కారణం వారంలో తెలిసింది. యంత్రం పెట్టినప్పుడు ఏడాదైనా తెలియలేదు. యంత్రానికి వయసుండదు, నిర్లక్ష్యం ఉండదు, వేసేందుకు వేలూ ఉండదు.

"ఈ రిజిస్టరు మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాలి" అన్నాను.

"గది దాటకూడదక్కా. రూలు."

"అయితే మేడమ్‌నే ఇక్కడికి రమ్మనండి."

గుమాస్తా నా ముఖం చూశాడు. ఏం కనిపించిందో గానీ ఫోన్ తీశాడు. మేడమ్ వచ్చింది, వెనకే బిగింపు సారు. ఆయన గుమ్మంలోనే అన్నాడు, "ఏంటమ్మా, సీసాలు అయిపోయాయా?"

నేను మేడమ్‌తో అన్నాను.

"మీ చేతి గడియారం ఒకసారి విప్పండి."

"ఎందుకు?"

"విప్పండి. బాగుచేసిన దాన్నే, పాడుచేయను."

విప్పి ఇచ్చింది. అద్దం ఆవిడ వైపు ఉండేలా పట్టుకున్నాను. "మూడు ఎటుంది?"

"కుడివైపు."

"సారూ, మీరు నా వెనక్కి రండి. అక్కడి నుంచి మూడు ఎటుంది?"

ఆయన రాలేదు. మేడమ్ నా చేతిలోని గడియారం వైపు, బల్ల మీద తెరిచి ఉన్న పేజీ వైపు చూసింది. బొమ్మ కింద నా వేలు ఉంది. వంగి ఆ చీమల బారు చదివింది. ఆవిడకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణం రెండేళ్ల క్రితం ఖర్చు చేసి ఉంటే సరిపోయేది.

"ఈ అమరిక మీరే కదా ఇచ్చారు?" అని ఆయన్ని అడిగింది.

"సాఫ్ట్‌వేర్ అలానే గీస్తుంది మేడమ్. అయినా ఇది ఒక్కటే చూసి—"

"చిప్ బీరువాలో ఉంది కదా. చూద్దాం పదండి" అన్నాను.

మైక్రోస్కోపు దగ్గర నన్నే కూర్చోమంది మేడమ్. రెండేళ్ల తర్వాత ఆ కుర్చీ. మూడు గంటల వైపు నాలుగు ముక్కలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, అంచులు నిటారుగా, జిగురు ఎక్కడా బయటికి రాలేదు. తొమ్మిది వైపుకు జరిపాను. నాలుగు ముక్కల మీదా ఒకే గీత, అడ్డంగా, గోటితో నొక్కినట్టు. ముందువైపు పెట్టే కిటికీ మూత అంచు వాటి మీద ఆనింది. ఆనినచోట నుంచి వేడి కారిపోయింది. మూత అంత దూరం దిగాలంటే ఆ మూల స్క్రూను అవసరానికి మించి తిప్పి ఉండాలి.

నేను లేచి కుర్చీ వాళ్లకు ఇచ్చాను. మేడమ్ చూసింది. బిగింపు సారు చూశాడు.

"ఇంకో పావు తిప్పు" అన్నాను.

మా వెంట వచ్చిన గుమాస్తా నవ్వు ఆగక దగ్గు నటించాడు.

బిగింపు సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇది పద్ధతిలో దొర్లిన పొరపాటు మేడమ్. ఎవరి తప్పూ అనలేం."

చూశారా. నాదైనప్పుడు నిర్లక్ష్యం. ఆయనదైనప్పుడు పద్ధతిలో దొర్లిన పొరపాటు. మనుషులు తప్పు చేస్తారు, నాకు తెలుసు. మా ఆయన ఒకసారి గడియారంలో తన గడ్డం వెంట్రుక పెట్టి మూత వేశాడు. మర్నాడు దాని యజమాని ముందు తనే చెప్పి నవ్వుకున్నాడు. తప్పు చేసినందుకు నాకు కోపం లేదు. నా పని నన్ను అడక్కుండానే చెడ్డదని తేల్చి, నా వేలితోనే నా మీద రాయించుకున్నందుకు కోపం. ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు.

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. "జరిగిందేదో జరిగింది. రేపటి నుంచి మీ బల్లకు వచ్చేయండి."

"బల్ల సంగతి తర్వాత మేడమ్. ముందు ఆ పేజీ."

"రికార్డు మార్చకూడదమ్మా. కొట్టేయడానికి లేదు."

"కొట్టేయమనడం లేదు. ఉన్నది ఉన్నట్టే ఉండనివ్వండి, నిర్లక్ష్యంతో సహా. పక్కన నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. అందులో రాస్తాను."

మళ్లీ రికార్డుల గదికి వచ్చాం. గుమాస్తా పెన్ను ఇచ్చాడు. నేను మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కట్టుకుంటూ పోతున్నాను. మేడమ్ నిలబడే ఉంది. బిగింపు సారు గడియారం చూసుకున్నాడు, తర్వాత ఫోన్ చూసుకున్నాడు. చివరికి అన్నాడు.

"నేను రాసిస్తానండీ. మీరు సంతకం పెట్టండి చాలు."

ఎనిమిదేళ్లలో నన్ను మీరు అనడం అదే మొదటిసారి.

"ఒకసారి అలా చేశాను సారూ" అన్నాను.

ఇలా రాశాను: "నేను మళ్ళీ అతికించిన గల్లు ముందు నుంచి చూస్తే మూడు గంటల వైపువి. చెడిపోయినవి తొమ్మిది గంటల వైపువి. వాటి మీద మూత ఆనింది. నా గల్లు బాగున్నాయి. నేను ఏదీ ఒప్పుకోలేదు. అడిగితే చెప్పాను." కింద నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. పెన్ను మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ స్ప్రింగు చుట్టింది. తర్వాత బిగింపు సారుకు ఇచ్చాను. పెట్టక తప్పలేదు.

గుమాస్తా నా భుజం మీది నుంచి చూసి మెల్లగా అన్నాడు. "అక్కా, గళ్లు అనాలి. గల్లు కాదు. చిన్నగా దిద్దుకో, ఎవరూ చూడరు."

"రికార్డు మార్చకూడదట" అన్నాను.

ఇప్పుడు నా బల్ల దగ్గరే ఉన్నాను. సొరుగులో నా రెప్ప వెంట్రుక పుల్ల అలాగే ఉంది. చిప్ బొమ్మల మీద ముందువైపో వెనకవైపో పెద్ద అక్షరాలతో రాయాలని కొత్త రూలు పెట్టారు. అది ఎవరి వల్ల వచ్చిందో రూలులో లేదు. మూత బిగించేటప్పుడు నేను పక్కన నిలబడతాను, ఎవరూ రమ్మనలేదు, పొమ్మనడానికీ నోరు రాలేదు. రెండేళ్లు నన్ను సీసాల గదిలో ఉంచినందుకు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎదురుచూడటం మానేశాను. అందుకే రాశాను.

ల్యాబ్‌లో అందరూ నన్ను గడియారమ్మ అంటారు. అసలు పేరు ఆ పేజీలో ఉంది, కావాల్సినవాళ్లు రికార్డుల గదికి వెళ్లి, బొమ్మ కింద అక్షరాలతో సహా చదువుకోవచ్చు. వయసు అరవై ఒకటి. ఉండేది మా వదిన ఇంట్లో, మెట్లెక్కగానే తొమ్మిది గంటల వైపు గది. మెట్లెక్కి వచ్చేవాళ్ల వైపు నుంచి చూసినప్పుడు.